కొండగాలి పగ

మా మండీలో కత్తి ఎవరి చేతిలో ఉంటే మామిడి వాళ్ళ మాట వింటుంది. కావేరిపట్టణం చుట్టుపక్కల తోటల నుంచి లోడు దిగగానే కత్తి పట్టిన మనిషి గుట్ట మధ్యలోకి చెయ్యి దూర్చి ఒక పండు లాగుతాడు. పైనున్నది ముట్టుకోడు, అడుగుదీ ముట్టుకోడు. బుగ్గ కోసి, వాసన చూసి, ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, మొదటి రకమో రెండో రకమో ఒక్క మాట చెబుతాడు. తోట రైతైనా, గుజ్జు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొనుగోలుదారైనా ఆ మాట విన్నాక నోరెత్తరు. మా తాత ఆ మాట చెబుతుంటే హైవే మీద లారీలు హారన్ ఆపేవట. నాన్న హయాంలో ఆపలేదుగాని కాస్త మెల్లగా మోగించేవి. నాన్న తర్వాత కత్తి నాకు వచ్చింది. నేను కళ్ళు మూసుకుంటే ఈగలు గాలిలోనే నిలబడిపోయేవి. ఇది నేను నా కళ్ళతో చూశాను, కళ్ళు మూసుకుని ఉన్నా సరే.

ఆ కత్తిని మా అక్క మొగుడు, అంటే మండీలో సగం భాగస్తుడైన మా బావ, నా చేతిలోంచి లాక్కున్నాడు. అదీ సీజన్ తొలి లోడు రోజున, కర్పూరం ఇంకా ఆరకముందే, ముప్పాతిక కృష్ణగిరి జిల్లా చూస్తుండగా. మిగతా పావు జిల్లా ఆ రోజు ఏదో పెళ్ళికి పోయింది, నా అదృష్టం.

"షుగర్ వచ్చినోడి నోరు తీపికి న్యాయం చెప్పదప్పా," అన్నాడు బావ. "ఇట్లియ్యి కత్తి. నువ్వు పోయి కాటా కాడ నిలబడు."

"షుగర్ వచ్చింది రక్తానికి బావా, నాలిక్కి కాదు."

"నాలికలో పారేది రక్తం కాదా? మరి యాడ పారతాది, చెప్పులోనా?"

మండీ మొత్తం నవ్వింది. గంపలు మోసే ఆడవాళ్ళు గంపలు దించి మరీ నవ్వారు. కాటా కూడా ఒక పక్కకు ఒరిగి నవ్వినట్టే అనిపించింది. నేను దాని పక్కన నిలబడ్డాను. బావ బాదామి మామిడి బుగ్గ కోసి, ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకోవలసిన చోట మూసుకోకుండా, నన్నే చూస్తూ చప్పరించాడు. రసం మణికట్టు దాటి మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు. నేను చూడాలని తుడుచుకోలేదు.

ఆ క్షణాన నేను పగ పట్టాను. మా వంశంలో పగలు బాగా నిలవుంటాయి. ఆవకాయ కంటే ఎక్కువ కాలం నిలవుంటాయి, బూజు పట్టవు. వచ్చే సీజన్ తొలి లోడుకల్లా నా రక్తంలో చక్కెర దించాలి. అదే జనం ముందు, అదే కత్తి, అదే చేతిలోంచి తిరిగి తీసుకోవాలి. మిగతా జీవితం ఆ తర్వాత చూసుకోవచ్చు.

నా ఇల్లు హోసూరులో. మండీ కిందన కావేరిపట్టణంలో. హోసూరు ఎత్తు మీద ఉందని, కావేరిపట్టణం పల్లంలో ఉందని అందరికీ తెలుసు. ఆ ఎత్తులో ఉపాయం దాగుందని నాకు తెలిసింది మాత్రం కృష్ణగిరి బయట ఒక శీతల గిడ్డంగిలో. మా పండ్లు కొన్ని అక్కడ పెడతాం. లోపలి గదుల్లో గాలి ఎందుకో వేరుగా ఉంటుందని యంత్రాలు చూసే ఆయనను అడిగాను.

"ఆక్సిజన్ తగ్గించి పెట్టినాము సార్," అన్నాడు. "గాలి తక్కువైతే కాయ నిద్రపోతాది. మాగదు, తీపెక్కదు. ఎన్నాళ్ళు పెట్టినా పచ్చగానే ఉంటాది."

తీపెక్కదు! మామిడి వ్యాపారి తప్ప భూమ్మీద మరొకడు చెయ్యలేని తప్పు ఆ క్షణంలో నా బుర్రలో మాగింది. గాలి తగ్గిస్తే కాయలో చక్కెర పెరగదు. నేనూ ఒక రకంగా కాయనే. కాకపోతే తొక్క కాస్త మందం. నా గాలి తగ్గిస్తే నా రక్తంలో చక్కెర మాత్రం ఎట్లా పెరుగుతుంది?

వెతికితే దొరకనిది లేదు. హోసూరు అంచున జూజువాడి వైపు, లారీ షెడ్ల మధ్యన, ఒక జిమ్‌లో కొండగాలి గది ఉందని తెలిసింది. గది అంటే గది కాదు, పారదర్శక ప్లాస్టిక్ పెట్టె. పక్కన ఒక యంత్రం గాలిలోంచి ఆక్సిజన్ పీకేస్తూ గర్రుమంటుంటుంది. లోపల నడిచే బెల్టు. చుట్టూ కండలు తిరిగిన కుర్రాళ్ళు ఇనుము ఎత్తుతుంటే, మధ్యలో నేను పంచె ఎగ్గట్టి, గాజు సీసాలో ఉసిరికాయలా నడిచేవాణ్ని. బయట ఆగిన లారీ డ్రైవర్లు కిటికీలోంచి చూసి టీ గ్లాసులు మరిచిపోయేవాళ్ళు.

"లోపల గాలి ఊటీ కంటే ఎత్తుది సార్," అన్నాడు అక్కడి కోచ్. "నడిచేటప్పుడు కండకు గాలి చాలదు. చాలకపోతే చక్కెరను గుంజుకుంటాది. ఇన్సులిన్ వచ్చి తలుపు తీసేదాకా కాచుకోదు, గోడ దూకి తెచ్చుకుంటాది."

"నా కండలు గోడ దూకుతాయా?"

"దూకుతాయి సార్. మెల్లగా నేర్పిద్దాము. అరగంట చాలు, అదీ రోజు మార్చి రోజు. మాత్రలు మింగుతాండారు కదా, డాక్టర్‌తో ఒక మాట చెప్పి రండి."

చివరి రెండు మాటలు నా చెవికి చేరలేదు. ఆ గదిలో చెవులకు కూడా గాలి తక్కువేమో. అతను నడకకు ముందూ తర్వాతా నా వేలు పొడిచి చూసేవాడు. చక్కెర దిగింది! మొదటి రోజే దిగింది. అంకె చూసి నేను వేసిన కేకకు కుర్రాళ్ళలో ఒకడు ఇనుము కింద పడేశాడు. ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి పండు కోసి ముక్క నోట్లో వేసుకునే సాధన చేశాను, పండు లేకుండానే. ఎదురుగా బావ ముఖాన్ని ఊహించుకున్నాను. ఆ ముఖం మీద రసం కార్చాను.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కాని మామిడి తెలిసినవాడికి అరగంట లెక్కేమిటి? గిడ్డంగిలో కాయను అరగంట పెట్టి తీస్తారా? రోజంతా పెడతారు. రాత్రంతా పెడతారు. కోచ్‌ను అడిగితే తల అడ్డంగా ఊపాడు. అందుకని ఫోన్‌లో నేనే తెప్పించాను, మంచం మీద కట్టుకునే కొండగాలి డేరా ఒకటి, పగలు ముఖానికి బిగించుకునే మాస్కు ఒకటి. మాస్కు పెట్టుకుంటే నా ముఖం బోరుబావి పంపులా ఉండేది. దాంతోనే కూరగాయలకు పోయేవాణ్ని. వంకాయలు అమ్మే ఆమె నన్ను చూసి బేరం ఆడకుండానే ధర తగ్గించింది.

డేరా చూసి నా భార్య మొదటి రోజే హాల్లోకి పరుపు మార్చుకుంది.

"ఏమండీ, లోపల దోమలకే ఊపిరాడక బయటికి దారి అడుగుతాండాయి," అంది పొద్దున. "మీకేం వచ్చింది ఖర్మ?"

"చక్కెర పచ్చిగా ఉంటుంది."

"ఇంకేం, గడ్డిలో పెట్టి మూట కట్టండి మిమ్మల్ని."

నవ్వితే నవ్వనీ. పగబట్టినవాడికి పరుపు తోడు అక్కర్లేదు అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ మాత్రం తల రోకలితో దంచినట్టు ఉండేది. లేవగానే వేలు పొడుచుకుంటే చక్కెర దిగకపోగా ఎక్కుతోంది. ఎక్కినకొద్దీ డేరా ఇంకాస్త బిగించాను. ఈలోగా పంచె జారడం మొదలుపెట్టింది. నడుము తగ్గిందని సంబరపడ్డాను. నడుము అక్కడే ఉంది, తగ్గినవి తొడలు. ఒకప్పుడు నా తొడలు లారీ టైర్లు. ఇప్పుడు సైకిల్ టైర్లు, అవీ గాలి తీసినవి. మా ఇంటి మెట్లు ఎక్కుతుంటే కృష్ణగిరి కోట ఎక్కుతున్నట్టుండేది. ఒకరోజు చక్కెర డబ్బా మూత తీయడానికి చేతిలో బలం చాలలేదు. చక్కెర నన్ను అంత దగ్గరగా వెక్కిరించడం అదే మొదలు.

భార్య నన్ను ఆటోలో వేసి హోసూరులో మాకు చూసే డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయింది. ఆమె రిపోర్టు చూసింది, నా తొడ చుట్టూ టేపు పెట్టింది, డేరా కథ మొత్తం విన్నది.

"ఎవరప్పా మీకు ఇట్ల చేయమని చెప్పింది?"

"మామిడికాయలు," అన్నాను.

ఆమె కలం కింద పెట్టేసింది.

"చూడండప్పా, కాయను కొమ్మ నుంచి తెంపేసినారు. దానికి ఇంక భయం లేదు. మీ ఒంటికి భయముండాది. పండుకున్నప్పుడు ఊపిరి చాలకపోతే ఏదో ముంచుకొచ్చిందని ఒళ్ళు బెదిరిపోతాది. లివర్‌లో దాచిన చక్కెరంతా రక్తంలోకి తోసేస్తాది, ఇన్సులిన్ మాట వినదు. ఆ గదిలో నడిచేటప్పుడైతే ఆ చక్కెరను కండ తినేస్తాది. పండుకున్నోడి కండ ఏం తింటాది? నెలల తరబడి గాలి చాలకపోతే కండే కరుగుతాది. తిన్న చక్కెరను నింపుకొనే గోనెసంచి కండే కదా. మీరు సంచినే చింపుకుంటాండారు."

"మరి మాస్కు?"

"దాంట్లో కొండా లేదు, గాలీ లేదు. రొప్పు ఒకటే ఉండాది. తీసి పారేయండి." తర్వాత నా భార్య వైపు తిరిగి అడిగింది. "ఈయనకు గురక ఉండాదా అమ్మా? గురక పెట్టేవాళ్ళలో కొందరికి మధ్యలో ఊపిరి ఆగిపోతాది. వాళ్ళకు డేరా లేకనే ఇదంతా జరుగుతాది. పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, మెడ లావు. షుగర్ ఎక్కుతాంటాది, వాళ్ళకే తెలీదు."

"ఈయనకు లేదు మేడమ్," అంది నా భార్య. "మా ఆడబిడ్డ మొగుడికైతే ఉండాది. ఆయన ఈడికి చుట్టంగా వస్తే పక్కింటోళ్ళు కూడా లేచి కూర్చుంటారు."

నేను కుర్చీలో నిటారుగా అయ్యాను. అన్ని వారాల తర్వాత నా ఊపిరితిత్తుల నిండా గాలి వచ్చింది. పొద్దున తలనొప్పి: బావ నుదుట ఎప్పుడూ తైలం వాసన. పగటి కునుకు: గోనెసంచుల మీద. మెడ: ఆయన చొక్కాకు పై బొత్తాం పెట్టుకోవడం నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. జీవితంలో ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోని మనిషి! నా కత్తి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి!

"డాక్టరమ్మా," అన్నాను చేతులు జోడించి, "నా తొడలు నాకు తిరిగి ఇప్పించండి. నాకు పని ఉంది."

డేరా విప్పి మేడ మీద మొక్కలకు కప్పాను. మొక్కలు కూడా వద్దన్నాయి. డాక్టరమ్మ మాత్రలు మార్చి, కొండగాలి గదికి వారంలో కొన్ని రోజులు, కోచ్ కళ్ళ ముందు, అరగంటకు మించకుండా పొమ్మంది. మిగతా రోజుల్లో బరువులు. ఇనుము ఎత్తాను. ఇంట్లో మామిడి క్రేట్లు ఎత్తాను. ఉలవలు తిన్నాను, జిల్లాలో గుర్రాలు ఆకలితో అలమటించేలా తిన్నాను. పెసలు, పప్పు, పెరుగు. వెన్నలా కరిగిన తొడలు మెల్లగా గట్టిపడ్డాయి. బరువు ఎత్తిన ప్రతిసారీ బావ ముఖమే కనిపించేది. దైవధ్యానం చేసేవాళ్ళకు కూడా అంత ఏకాగ్రత ఉండదు. మూడు నెలల సగటు చక్కెర చూసే పరీక్షలో డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూసింది.

"పండు తినొచ్చా?" అడిగాను.

"ఒక ముక్క. నెమ్మదిగా నమిలి తినండి."

ఒక ముక్క చాలు నాకు. పగకు గంపెడు అక్కర్లేదు.

మళ్ళీ తొలి లోడు రోజు వచ్చింది. ఆ రోజు మా మండీలో ఒక ఆచారం. కత్తి పట్టేవాడు పండు కోసేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడు. అంటే పరగడుపు. ల్యాబ్ వాళ్ళు పొద్దున్నే రమ్మని బతిమాలే ఆ పరగడుపు. మా తాత ఈ ఆచారం పెట్టింది నాకోసమేనని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం. నేను కూడా ఏమీ తినకుండా హోసూరు నుంచి దిగాను. జేబులో రెండు యంత్రాలు. ఒకటి వేలు పొడిచేది. రెండోది కరోనా రోజుల్లో కొన్న, వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు.

లోడు ఆలస్యమైంది. రైతులు, కొనుగోలుదారులు, గంపల ఆడవాళ్ళు అందరూ ఎదురుచూస్తున్నారు. బావ ఒళ్ళో కత్తి పెట్టుకుని, గోనెసంచుల మీద వాలి, పట్టపగలు నిద్రపోతున్నాడు. గురక మొదలైంది. నిండా లోడెక్కిన లారీ శూళగిరి ఎత్తు ఎక్కుతున్నట్టు ఉంది ఆ గురక. రేకుల కప్పు దానికి వంత పాడింది. ఎక్కింది, ఎక్కింది, ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది. గంపలు మోసే ఒక పెద్దామె గంప సగం ఎత్తి అట్లాగే నిలబడిపోయింది.

"ఇది రోజూ ఉండేదే," అంది నాతో. "మళ్ళా వస్తాది. వచ్చినాకే మేము గంప ఎత్తేది."

వచ్చింది. గొంతులోంచి ఎవరో బిందె లాగినట్టు వచ్చింది. ఇదే అదను. బావ చూపుడువేలికి క్లిప్పు తగిలించాను. అందరూ దగ్గరికి వచ్చి మూగారు. గురక, ఆగడం. ఆగిన కాసేపటికి అంకె దిగడం మొదలైంది. మెట్టు మెట్టుగా దిగి, ఎర్రగా మారి, పీక్ పీక్‌మని అరిచింది.

"అమ్మో, కరోనాలో మా మామకు ఇట్లే చూపించిందమ్మా!" అందామె.

ఆ అరుపుకు బావ దిగ్గున లేచాడు.

"ఏందప్పా ఇది? నా వేలికి ఏం తగిలించినావు?"

"గాలి కాటా బావా. తూకంలో తక్కువొచ్చింది." నవ్వు నా పెదాల మీద ఆగడం లేదు. "ఇప్పుడు వేలు ఇట్లా పెట్టు. షుగర్ చూద్దాం."

"నాకు షుగర్ లేదు. నా ఒళ్ళు నాకు తెలీదా?"

"కత్తి పట్టేవాడి రక్తం చూడాలని ఈ మండీకి నేర్పింది నువ్వే కదా. అందరూ విన్నారు."

వినలేదని ఎవరూ అనలేదు. బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ చెయ్యి మళ్ళీ ముందుకు తెచ్చింది నేను కాదు, మా అక్క. పూజకు వచ్చి అంతసేపూ స్తంభం పక్కన నిలబడి ఉంది.

"పొడువప్పా తమ్ముడూ," అంది ఆయన మణికట్టు పట్టుకుని. "పెండ్లయినప్పటి నుంచి ఆగిన ఊపిరి మళ్ళా వస్తాదా రాదా అని కాచుకోనుండాను నేను. పోదాం రా అంటే ఒక్కనాడూ ఆస్పత్రికి రాలా. పొడువు."

పొడిచాను. కావలసినదానికంటే కాస్త గట్టిగానే పొడిచాను, దాచను. యంత్రం కాసేపు ఆలోచించింది. తర్వాత అంకె చూపించింది. పరగడుపున, మంచినీళ్ళ మీద, నా పాత అంకెలు కూడా సిగ్గుపడే అంకె. దాన్ని మండీ అంతటికీ వినపడేలా తెలుగులో చదివాను. తమిళంలో చదివాను. కన్నడం వాళ్ళు ఇద్దరే ఉన్నారు, అయినా వాళ్ళకూ అన్యాయం చెయ్యలేదు. తర్వాత అందరి ముందూ నా వేలు పొడుచుకున్నాను. నా అంకెను ఒక తోట రైతు నా చేతిలోంచి యంత్రం తీసుకుని తనే చదివాడు, చదివి తల ఊపాడు.

"కత్తి ఆయనకు ఇచ్చేయప్పా," అన్నాడు బావతో.

బావ ఇచ్చాడు. పిడి నావైపు పెట్టి ఇచ్చాడు. ఏడాదిగా ఈ క్షణం కోసం ఒక ఉపన్యాసం రాసి పెట్టుకున్నాను. నడుస్తూ, బరువులెత్తుతూ, ఉలవలు నములుతూ దానికి మెరుగులు దిద్దాను. నోరు తెరవబోతుంటే కత్తి ఇచ్చిన చేతి వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. చల్లగా ఉన్నాయి.

"నిద్దట్లోనే పోతానాప్పా?" అని అడిగాడు, నాకు మాత్రమే వినపడేలా.

అక్క నావైపు చూస్తోంది. ఉపన్యాసాన్ని మింగేశాను. కాని మొత్తం మింగలేదు.

"పోవు బావా," అన్నాను. "పోతే నేను కత్తి పట్టడం ఎవరు చూస్తారు? రేపు పొద్దున హోసూరుకు నేనే తీసుకుపోతాను. గురకకు ఒక యంత్రం ఇస్తారంట, రాత్రంతా ముఖానికి కట్టుకుని పడుకోవాలి. ఏనుగు తొండంలా ఉంటుంది. నేను దగ్గరుండి ఏరి తెస్తాను."

"నవ్వతాండావు."

"నవ్వుతున్నాను."

అప్పుడు లోడు వచ్చింది. గుట్ట పోశారు. మధ్యలోకి మోచేయి దాకా చెయ్యి దూర్చి ఒక బాదామి లాగాను. బుగ్గ కోశాను. వాసన మండీ దాటి, హైవే దాటి, కృష్ణగిరి దాకా పోయి ఉంటుంది. బావ గొంతులో గుటక కిందికి దిగడం చూశాను. పొద్దున్నించి పస్తు పాపం, పండంటే ప్రాణం. ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. కళ్ళు మూశాను, ఒకటి పూర్తిగా, ఒకటి సగం. ఆ సగం కంటితో బావను చూస్తూ నమలడం మొదలుపెట్టాను.

"చెప్పప్పా, ఏం రకం?" అన్నాడు రైతు.

చెయ్యి ఎత్తి ఆగమన్నాను.

"ఎండ నెత్తికెక్కింది, ఇంకా లారీ తోలుకొని పోవల్ల, చెప్పప్పా!"

"ఉండన్నా," అన్నాను నిండు నోటితో. "నెమ్మదిగా నమలమని డాక్టరమ్మ ఆర్డరు."